తివాచీ తాగిన జంజం

మా ఊరి మొత్తానికి మొదటి హాజీని నేనే. నేను మక్కాలోని పవిత్ర బావి జంజం నుంచి తెచ్చిన ఒక్క డబ్బా నీళ్ళతో పదకొండు మందికి రోగాలు కుదిరాయి. ఒక గొడ్డావుకు కవల దూడలు పుట్టాయి. నున్నటి బట్టతలవాడొకడు నెల తిరక్కుండా దువ్వెన కొనుక్కున్నాడు. ఫెర్గానా లోయ మొత్తంలో ఇంతటి ఘనత ఇంకెవరికైనా ఉంటే వచ్చి నా ఎదురుగా కూర్చుని టీ తాగమనండి.

ఇక నిజం చెబుతాను. ఆ డబ్బాలో జంజం చుక్క కూడా లేదు. అవి మా ఊరి పొలిమేర కాలవ నీళ్ళు. ముంచింది నేనే, ఈ రెండు చేతులతోనే.

సోవియట్ పోయిన మరుసటి ఏడాది మాట. మక్కాకు దారి తెరిచారని తెలిసి, ఇరాన్ మీదుగా బస్సులో పోయి బస్సులోనే తిరిగొచ్చాం. వచ్చేటప్పుడు దారిలో నేనొక తివాచీ కొన్నాను. దానిమ్మ గింజ రంగు, అంచు పొడుగునా పువ్వులు. అది నలిగిపోతుందని చుట్టచుట్టి సీటు పక్కన నిలబెట్టాను. దానికి చోటు కావాలి కదా, అందుకని నీళ్ళ డబ్బాను దాని అడుగున అడ్డంగా పడుకోబెట్టాను. దేవుడి నీళ్ళు అడ్డంగా, బజారు సరుకు నిలువుగా. అప్పటి నా బుద్ధి అది. మూత ఎప్పుడు వదులైందో తెలియదు. రోడ్డు మీద మా ఊరి మలుపు దగ్గర దిగి సామాను తీసుకుంటే డబ్బా దూదిలా తేలిపోయింది, తివాచీ మాత్రం తడిసిన గొర్రెలా బరువుగా వచ్చింది.

పోప్లర్ చెట్ల వరుసకు అవతల ఊరు ఊరంతా నాకు ఎదురొస్తోంది. బారెడు ఇత్తడి బాకాలు ఊదుతున్నారు. ఇవతల కాలవ పారుతోంది. ఖాళీ డబ్బాతో వెళ్ళి వాళ్ళ ముందు నిలబడటమా, లేక… రెండో ఆలోచన రాకముందే వంగి ముంచాను. చేతికి అంటిన బురదను హజ్ అంగీకే తుడుచుకున్నాను.

మూడు రోజులు ఇంటి నిండా జనం. ఒక్కొక్కరికి ఒక ఖర్జూరం, చిన్న గిన్నెలో ఒక్క గుక్క. మక్కా వైపు తిరిగి, నిలబడి, మూడుసార్లుగా తాగేవాళ్ళు. కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

"హాజీ బాబాయ్, గొంతులో పడుతుంటేనే తెలిసిపోయింది, వేరే రుచి!" అంది పక్కింటి మవ్లూదా.

"అవును తల్లీ" అన్నాను.

కాలవకు పైన ఉన్న ఊరివాళ్ళు అందులోనే గొర్రెల్ని కడుగుతారు. వేరే రుచి కాక ఇంకేముంటుంది!

అందరూ గుక్క తాగి పోయారు. మా హోసియత్ వదిన మాత్రం తాగలేదు. ఈమె మా అన్న భార్య. మా అమ్మ పోయిన ఏడాదే పదహారేళ్ళ పెళ్ళికూతురుగా మా ఇంటికొచ్చింది. వచ్చిన రోజున ఆమె చేసిన మొదటి పని నా ముక్కు తుడవడం. ఆమె చిన్న గాజు సీసా ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"నాకు దాహానికి కాదురా తురాబూ, పోయే రోజుకి. దీన్నిండా పొయ్యి."

మా దగ్గర పెద్దవాళ్ళు చెప్పే మాట ఒకటుంది. ప్రాణం పోయే వేళ మనిషికి ఎక్కడలేని దాహం వేస్తుందట. అప్పుడు సైతాను చల్లటి నీళ్ళ గిన్నె పట్టుకుని తలాపున నిలబడి, నీ విశ్వాసం నాకిచ్చేయి, ఈ నీళ్ళు నీకిస్తానంటాడట. అందుకే పోయేవాళ్ళ నోట్లో అయినవాళ్ళు దూదితో నీళ్ళు పిండుతారు. జంజం అయితే సైతాను గడప కూడా తొక్కడని నమ్మకం. మా వదినకు చావంటే భయం లేదు. ఆ గిన్నె అంటేనే భయం. నేను సీసా నింపాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని, తెల్ల గుడ్డలో చుట్టి, పోయాక తనకు చుట్టాల్సిన కఫన్ బట్ట దాచుకున్న పెట్టెలో పెట్టుకుంది.

ఆ మరుసటి వసంతానికి ఆమె మంచాన పడింది. కాళ్ళు వాచాయి, ఊపిరి అందటం లేదు. వారం కంటే కష్టమని డాక్టరు చెప్పి పోయాడు. నాకు కబురొచ్చింది. వెళ్ళేసరికి మవ్లూదా గుమ్మంలో దూది పట్టుకుని కూర్చుని ఉంది.

"పెట్టెలో సీసా ఉంది, తియ్యరా. నీ చేత్తోనే పొయ్యాలి. తెచ్చినవాడివి నువ్వేగా" అంది వదిన.

పెట్టె మూత ఎత్తాను. చెయ్యి లోపలికి పోలేదు.

"వదినా, అవి కాలవ నీళ్ళు."

"నీ వేళాకోళానికి ఇదా వేళ?"

"వేళాకోళం కాదు వదినా." మొత్తం చెప్పాను. బస్సు, మూత, బాకాలు, బురద. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

ఆమె పెట్టె వంక చూసింది. తర్వాత అడిగింది. "మరి అసలు నీళ్ళు?"

"తివాచీ తాగింది."

"అయితే తివాచీ పట్రా. పిండుకుని తాగుతాను."

గుమ్మంలో మవ్లూదా నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే వదిన ఇంకా నన్నే చూస్తోంది.

"సైతాను గిన్నె పట్టుకుని వస్తాడని డెబ్భై ఏళ్ళుగా వణుకుతున్నానురా. వాడి మొహం ఎలా ఉంటుందో తెలిసేది కాదు. వాడి ముక్కు తుడిచింది నేనేనని ఇవాళ తెలిసింది."

అక్కడ నిలబడలేక సైకిలు తీశాను. పక్క ఊళ్ళో నిషాన్ హాజీ ఉన్నాడు, నాతో పాటు అదే బస్సులో వచ్చినవాడు. వాళ్ళ పెరట్లో నలుగురు మనుషులు టీ తాగుతుంటే, వాళ్ళందరి ముందే నా సిగ్గుమాలిన పని చెప్పుకున్నాను. నిజమైన నీళ్ళు నాలుగు చుక్కలుంటే ఇప్పించమన్నాను.

"అయ్యో తురాబ్ హాజీ, దానికింత చెప్పాలా! నాలుగు చుక్కలేం ఖర్మ?" అని లోపలికెళ్ళి నిండు సీసా తెచ్చి చేతిలో పెట్టాడు.

అతని డబ్బా నా డబ్బా కంటే చిన్నది. ఏడాది అయింది. వాళ్ళ ఊరు మా ఊరికి రెట్టింపు. అడుగుదామని నోరు తెరిచాను. అతను తన జోళ్ళ వంక చూసుకుంటున్నాడు. నేను నా జోళ్ళ వంక చూసుకుని సైకిలెక్కాను.

వదిన సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. "ఇది ఏ కాలవ?"

"నిషాన్ హాజీ ఇచ్చాడు."

"ఇచ్చింది ఎవరని అడిగానా? ఖురాన్ మీద చెయ్యివేసి మక్కాదేనని చెప్పు. తాగుతాను."

ఖురాన్ గోడ అరలో, కుట్టుపని చేసిన గుడ్డలో చుట్టి ఉంది. చెయ్యి ఎత్తాను. అర దాకా పోయి ఆగిపోయింది. ఒక్క మాట అంటే ఆమె నిశ్చింతగా పోతుంది. ఆ మాట నా నోట్లోనే ఉంది. అనలేకపోయాను.

"నాకు తెలియదు వదినా."

"ఈ ఏడాదిలో నువ్వన్న రెండో నిజం ఇదిరా" అంది. కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆ రెండు సీసాలూ పారబోయి. పోయి కాలవలో గిన్నె ముంచుకురా. కాలవ నీళ్ళని చెప్పి పొయ్యి. బిస్మిల్లా నేను చెప్పుకుంటాను. సైతాను అబద్ధం చెప్పి పోస్తాడు. నువ్వు నిజం చెప్పి పొయ్యి, అప్పుడు నువ్వెవరో నాకు తెలుస్తుంది."

పట్టపగలు, అందరూ చూస్తుండగా ఊరి మధ్య నుంచి గిన్నె పట్టుకుని కాలవకు నడిచాను. ఏంటి హాజీ అని అడిగిన ప్రతివాడికీ సంగతి చెప్పాను. సగం మంది నమ్మలేదు. నమ్మిన సగం మంది ఉమ్మేసి మొహం తిప్పుకున్నారు. బాకాలు ఊదినవాడు కూడా వాళ్ళలో ఉన్నాడు.

మూడు రోజులు పోశాను. దూది ముంచిన ప్రతిసారీ "కాలవ నీళ్ళు వదినా" అన్నాను. ఆమె ప్రతిసారీ బిస్మిల్లా అంది. నాలుగో రోజు మధ్యాహ్నం చివరి చుక్క పిండుతుంటే నన్ను చూసి నవ్వింది. "సరేలేరా" అంది.

ఇందులో నేను కల్పించింది ఆ నవ్వు. "సరేలేరా" కూడా కల్పించిందే. ఆమె మొహం గోడ వైపే ఉంది. నోరు మాత్రం తెరిచింది.