చివరి గుక్క

నేను ఒక వెండి గిన్నెను. లోపల బంగారు పూత, కింద సన్నటి కాలు, బరువు చేతికి తెలిసేంత. చెన్నపట్నంలో నన్ను చేసిన కంసాలి ఆ వారమే కుంకుమ భరిణెలు కూడా చేశాడు. నేను ఏ దేవుడి ఇంటికి పోతున్నానో ఆయన అడగలేదు. ఒక దొరగారు నన్ను గడ్డిలో చుట్టి, పెట్టెలో పెట్టి, కుందూ నది ఒడ్డున ఉన్న బండలపల్లె క్రైస్తవుల గుడికి తెచ్చారు. ఊళ్ళో అందరూ నాపరాయి గనుల్లో పనిచేసేవాళ్ళే. గుడి గోడలు, కప్పు, నేల అన్నీ ఆ రాయే. ఆ నేల మీద జారిపడితే నా గతేమిటన్నదే నా మొదటి భయం.

అసలు భయం తీతు అయ్యగారితో వచ్చింది. ఆంగ్లికన్ సంఘంలో గురువుగా అభిషేకం పొంది, భార్య లోయిసమ్మగారితో మా ఊరికి వచ్చారు. ప్రార్థనలు చదివి, పెళ్ళిళ్ళు చేసి, చచ్చినవాళ్ళను పూడ్చి ఊరుకుంటే ఎవరికీ బాధ లేకపోయేది. ఆయన ఊరుకునే రకం కాదు. కూలీలకు నీడకోసం పందిరి వేయించమని గని యజమాని దగ్గరికి పోయారు. గెంటేస్తే మళ్ళీ పోయారు. కూలీల పేటకు బావి తవ్వించారు. గుడి వసారాలో బడి పెట్టారు. ఈయన ప్రసంగాల కన్నా అర్జీలే ఎక్కువ రాస్తాడని జనం నవ్వుకునేవారు. నవ్వినన్నాళ్ళూ బాగానే ఉంది.

ఊరి బయట పాడుబడిన సున్నపు బట్టీ దగ్గర నలుగురు ఉండేవారు. కుష్ఠు వచ్చిందని ఊరు తరిమేసినవాళ్ళు. కుష్ఠు అనడానికి కూడా భయపడి జనం దాన్ని పెద్దరోగం అనేవారు. అయ్యగారు వాళ్ళ పుండ్లు కడిగారు. ఆసుపత్రి నుంచి తెల్ల బిళ్ళలు తెచ్చి మింగించారు. కొన్నాళ్ళకు వాళ్ళు బాప్తిస్మం అడిగారు, ఇచ్చారు. ఇక ఆదివారం సంస్కారంలో అందరూ పంచుకునే రొట్టె, ద్రాక్షారసం వాళ్ళకూ ఇవ్వాలి. రొట్టెను ఎన్ని ముక్కలైనా చేయవచ్చు. గిన్నె మాత్రం ఒక్కటే, అది నేను.

సంఘపెద్ద యోబు అయ్యగారి ఇంటికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వాళ్ళకు ఇంగో గిన్నె పెట్టండి అయ్యగారూ. ఇత్తడిది నేనే కొనిస్తా. మాకు పిల్లాజెల్లా ఉండారు."

"ఇంగో గిన్నె పెడితే ఇంగో దేవుణ్ణి గూడా పెట్టల్ల యోబూ. వాళ్ళు అందరికన్నా చివర తాగుతారు. వాళ్ళ తర్వాత నేను తాగుతా. సరేనా?"

మా గుడి పద్ధతి తెలిస్తేగానీ ఆ మాట బరువు తెలియదు. గురువు మొదట తాగుతాడు. తర్వాత జనం మోకరించి ఒక్కొక్కరే నా అంచుకు నోరు ఆనిస్తారు. మిగిలింది పారబోయకూడదు, దాచకూడదు. గురువే అక్కడికక్కడ తాగి, నన్ను నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు కూడా తాగాలి.

ఆ ఆదివారం జనం మోకరించారు, నోరు ఆనించారు, గుటకలు వేశారు. నాలో ఒక్క చుక్క తగ్గలేదు. బట్టీ దగ్గరివాళ్ళు చివర తాగినా గిన్నె అదేనన్న భయం. పెదవులు బిగించి ఉమ్మి మింగడం ఎంత చక్కగా వచ్చిందో వాళ్ళకు! అందరికన్నా ముందు పెదవులు బిగించింది లోయిసమ్మగారు. బట్టీ దగ్గరివాళ్ళు మాత్రం నిజంగా తాగారు. వాళ్ళలో ఓబులేసుకు వేళ్ళు సగమే ఉండేవి. నన్ను పట్టుకోబోయి, ఎవరైనా చూస్తారని చేయి వెనక్కి తీసుకున్నాడు.

అయ్యగారు పీఠం వైపు తిరిగి నన్ను పైకెత్తారు. జనానికి కనబడింది నిటారుగా ఉన్న వీపు. ముఖం నేనొక్కదాన్నే చూశాను. ఆయన భయపడుతున్నారు. చేతులు వణికి రసం నా అంచులకు కొట్టుకుంది. కళ్ళు మూసుకుని చేదు మందు తాగినట్టు తాగేశారు. నేనూ హడలిపోయాను. ఆయన నోట్లోకి నేను ఒంపుతున్నది ప్రాణమో చావో నాకెలా తెలుస్తుంది?

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అదే తంతు.

గుడికి సరైన తాళం లేక నన్ను అయ్యగారి ఇంట్లో అలమరలో ఉంచేవారు. దీపాలు పెట్టే వేళకు లోయిసమ్మగారు కోడి ఈక పట్టుకుని వచ్చేవారు. పెద్దరోగం వస్తే ముందు చర్మానికి స్పర్శ పోతుందట.

"కండ్లు మూసుకోండి." ఈకను ఆయన వేళ్ళ మీద, చేతుల మీద నడిపేవారు. "తెలుస్తాందా?"

"తెలుస్తాంది."

"ఇక్కడ?"

"తెలుస్తాందిలే లోయిసమ్మా, చక్కిలిగిలి."

ఆమె నవ్వేవారు కాదు.

ఏళ్ళు గడిచాయి. బట్టీ దగ్గరివాళ్ళకు రోగం నయమైందని డాక్టరు చెప్పాడు. అయ్యగారు ఆఫీసుల చుట్టూ తిరిగి వాళ్ళకు ఇళ్ళ స్థలాలు ఇప్పించారు. అయినా ఆదివారం పెదవులు బిగుసుకునే ఉండేవి. ఒక వానాకాలం సాయంత్రం ఈక మళ్ళీ వచ్చింది.

"ఇక్కడ?"

ఆయన కళ్ళు మూసుకుని ఈక కోసం ఎదురుచూస్తున్నారు.

"ఏమండీ, ఇక్కడ తెలుస్తాందా?"

"పెట్టినావా?"

ఈక ఆయన ఎడమ మోచేతి కింద ఒక పాలిపోయిన మచ్చ మీద ఉంది. లోయిసమ్మగారు ఈక వదిలేసి నేల మీద కూలబడ్డారు. "యోబు చెప్తే విన్యారా? నేను మొత్తుకుంటే విన్యారా? ఇంగ నాకెవరుండారు?" అని ఏడ్చారు. అలమరలో నేను దోషిలా నిలబడ్డాను.

ఆసుపత్రిలో చర్మం ముక్క తీసి పరీక్షకు పంపారు. గిన్నె వల్ల రాదని, ఇన్నేళ్ళు పుండ్లు కడిగిన మనిషి కదా అని డాక్టరు అన్నాడట. ఆ డాక్టరు ఎన్నడూ నాలో తాగలేదు కాబట్టి ధైర్యంగానే అన్నాడు.

ఫలితం రాకముందే ఆదివారం వచ్చింది. కబురు ఊరంతా పాకింది. గుడి నిండా జనం, అందరి చూపూ ఆయన ఎడమ చేతి మీదే. గురువు మొదట తాగాలి కదా, ఇప్పుడు ఆయన ఎంగిలి వాళ్ళకు! ఆయన తాగి, నన్ను పట్టుకుని జనం వైపు తిరిగారు. ఇన్నాళ్ళూ తనకేమవుతుందోనని భయపడ్డారు. ఆ రోజు భయం తన వల్ల ఎవరికేమవుతుందోనని.

ఎవరూ లేవలేదు. యోబు తల వంచుకున్నాడు. ఓబులేసు లేవబోయి, తన వంతు చివరిదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

అప్పుడు లోయిసమ్మగారు లేచి వచ్చి మోకరించారు. బిగుసుకున్న పెదవుల కోసం నేను ఎదురుచూశాను. ఆమె నన్ను రెండు చేతులతో లాక్కుని నోరు తెరిచారు. ఒక గుక్క, ఇంకో గుక్క. ఎండలో నడిచి వచ్చిన మనిషి నీళ్ళు తాగినట్టు తాగారు.

"చాలమ్మా," అన్నారు అయ్యగారు మెల్లగా.

"ఇన్నాళ్ళూ నా వంతు గూడా మీరే తాగినారు," అని ఆమె తల తిప్పి పిలిచారు. "ఓబులేసూ, రా నాయనా. మీరందరూ రాండి. కొంచెమే ఉండాది."

నలుగురూ వచ్చి తాగారు. అయ్యగారు అలవాటుగా పీఠం వైపు తిరిగి నన్ను ఒంపుకున్నారు. ఏమీ రాలేదు. నన్ను అలాగే ముఖానికి ఆనించుకుని చాలాసేపు నిలబడ్డారు, నా మీద వేడిగా కన్నీళ్ళు పడ్డాయి.

ఆ మచ్చ పెద్దరోగమేనని తేలింది. ఆయన కూడా తెల్ల బిళ్ళలు మింగి బాగయ్యారు. లోయిసమ్మగారికి ఏమీ రాలేదు. ఇప్పుడు ఆ గుడిలో తలా ఒక చిన్న గ్లాసు ఇస్తున్నారు. నన్ను అద్దాల బీరువాలో పెట్టి, ధైర్యశాలి తీతు అయ్యగారి గిన్నె అని రాశారు. చదివినప్పుడల్లా ఆ వణికే చేతులే గుర్తొస్తాయి. ఇక్కడ కూడా దొంగలంటే భయం, జారిపడతానని భయం. నేను భయపడకుండా ఉన్నది ఒక్క ఆదివారం, ఆయన ఒంపుకున్నప్పుడు నాలో ఏమీ లేని ఆ కాసేపు.