అడక్కుండా రాసిన పేరు

రామసుబ్బమ్మను గేటు దగ్గరే ఆపేశారు. మిట్టమధ్యాహ్నం ఎండలో, కట్టు కట్టిన కుడిచేతిని కొంగుతో కప్పుకుని లోపలికే చూస్తూ నిలబడింది. రోజుకు అరవై రూపాయల కూలికి ఏళ్ళ తరబడి ఆ తాడిపత్రి ఫ్యాక్టరీలో బండలను పాలిష్ మిషన్ మీదికి ఎక్కించి దించిన మనిషి. పోయిన నెల బండ జారి వేళ్ళు నలిగితే, ఆసుపత్రికి తీసుకుపోయిన మేస్త్రీ, ఇంట్లో రోకలి పడిందని చెప్పమన్నాడు. ఆమె అట్లాగే చెప్పింది. చెయ్యి మానాక ఊడ్చే పనైనా ఇస్తామన్నారు మరి.

ఆ సంగతి ఆమె హేమావతి ఒక్కదానికే చెప్పుకుంది. హేమావతి ఆఫీసులో బిల్లులు టైపు చేసే పిల్ల. విని కడుపు మండింది. ఆ సాయంత్రమే బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌కు పోయి, బెంగళూరులో ఉన్న స్నేహితురాలు రేఖకు ఆర్కుట్ వెబ్‌సైట్‌లో, ఆమె పేజీ మీద రాసింది. రామసుబ్బమ్మ పేరు, ఫ్యాక్టరీ పేరు, యజమాని దివాకర్ పేరు, మేస్త్రీ మాటలు, ఏదీ వదల్లేదు. రేఖ పేజీలో రాస్తే రేఖే చదువుతుందనుకుంది. బజారు గోడ మీద రాసి, ఇది మా రేఖకు మాత్రమే అనుకుంటే ఎట్లా? కంప్యూటర్ నేర్పినవాళ్ళు మౌస్ పట్టుకోవడం నేర్పారు గానీ ఈ ముక్క చెప్పలేదు.

దివాకర్ కొడుకు చదివేది కూడా బెంగళూరులోనే. రేఖ పేజీలో ఊరి పేరు కనబడి ఆ రాసిందంతా చదివాడు, తండ్రికి ఫోన్ చేశాడు. అందుకే రామసుబ్బమ్మను గేటు దాటనివ్వలేదు.

దివాకర్ అరవలేదు. అందుకే హేమావతికి మరింత భయమేసింది. ఆఫీసు కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిపించి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఏదైనా ఆలోచించి రాయాలమ్మా. సదువుకున్న పిల్లవు, నీకు నేను చెప్పాల్నా?"

"తప్పైంది సార్. తీసేస్తా."

"తీసేస్తే చదివినోళ్ళు మరిసిపోతారా? ఆమె చెయ్యి ఇంట్లోనే నలిగినాది, నేను తెలీక రాసినానని దాని కిందనే రాయి. రాస్తే ఆమెకు ఊడ్చే పని ఉండాది, నీకు నీ పని ఉండాది. లేదంటే ఇద్దురూ ఇండ్లకు పోండి."

హేమావతి ఇంగ్లీషు అక్షరాల్లో రామసుబ్బమ్మ పేరు కొట్టి ఆగిపోయింది. మొన్న కూడా ఈ పేరు ఇట్లాగే కొట్టింది. తనకు మంట చల్లారింది, ఆమెకు పని పోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆమెను ఒక్క మాట అడిగొస్తా సార్."

"దాన్నేమి అడిగేది?"

"ఇది ఆమె పేరు సార్" అని లేచి వచ్చేసింది.

గేటు దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పింది. రామసుబ్బమ్మ కళ్ళెర్రజేసింది.

"నీ బుద్ధి యాడ పోయినాది పాపా? నిన్ను నమ్మి నీకు చెప్పుకుంటే లోకానికంతా చెప్తివే! ఇంట్లో బిడ్డలుండారు. వాళ్ళకేం పెట్టాల నేను?"

"నిన్ను అడక్కుండా రాస్తినక్కా. అందుకే ఇప్పుడు అడుగుతాండా. అది అబద్ధమని రాస్తే నీకు పనిస్తాడంట. నువ్వు రాయమంటే రాస్తా."

"ముందు నువ్వేం రాసినావో చెప్పు. అందురూ చదివినారు, నేను తప్ప."

హేమావతి గుర్తున్నంతా చెప్పింది. రామసుబ్బమ్మ చివరిదాకా వింది.

"దీంట్లో అబద్ధం యాడుండాది?"

"లేదక్కా."

"రోకలి పడినాదని ఆసుపత్రిలో ఒకసారి చెప్తి. నొప్పికి తాళలేక వాళ్ళేం చెప్పమంటే అది చెప్తి. నా పేరు పెట్టి ఆ మాట మల్లా చెప్పొద్దు. రాసింది రాసినట్టే ఉండనీ."

"మరి పని?"

"నాకు తెల్దా?" అని కసిరింది రామసుబ్బమ్మ.

హేమావతి తిరిగి వచ్చి, కొట్టిన పేరును ఒక్కో అక్షరం చెరిపేసింది.

"రాయను సార్."

"బాగా ఆలోచించుకో."

"మొన్న ఆలోచించకుండా రాస్తి. ఈ పొద్దు ఆలోచించినా. రాయను."

దివాకర్ కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. "నువ్వు రాయకుంటే నాకు చేతులు లేవా?" పేజీ ఇంకా హేమావతి పేరు మీదే తెరిచి ఉంది. ఆయన చూపుడు వేలితో మొదటి అక్షరం వెతుక్కుంటున్నాడు.

హేమావతి వంగి బల్ల కింద కంప్యూటర్ స్విచ్ ఆపేసింది. బయట గేటు దగ్గర నుంచి రామసుబ్బమ్మ ఇంకా వెళ్ళలేదు.