డాక్టరు కాని చెల్లెలు

అన్నయ్య డాక్టరు, చెల్లెలు కాదు. ఆ ఇంట్లో తగువంతా అక్కడే ఉంది.

కింద అన్నయ్య ఆసుపత్రి, మేడ మీద చెల్లెలి గది. బడిలో చరిత్ర చెప్పే ఉద్యోగం మానేసి ఆమె మనోవిశ్లేషణ, అంటే మనిషి చేత మాట్లాడించి మనసు బాధ నయం చేసే పని, నేర్చుకుంది. నేర్చుకోవడమంటే పుస్తకాలు తిరగెయ్యడమే కాదు, ముందు తనే ఏళ్ళ తరబడి ఆ పని చేసే మరొకరి గదిలో సోఫా మీద పడుకుని కడుపులో ఉన్నదంతా కక్కింది. అన్నయ్య కంటికి అదొక చదువులా ఆనదు.

"నాడి పట్టడం రానివాళ్ళు మనసు పట్టేస్తారట," అని భోజనాల దగ్గర ఎత్తిపొడుస్తాడు.

"నువ్వు నాడి పట్టుకుంటావు గానీ మనిషి చెప్పేది ఏనాడైనా విన్నావా?" అని ఆమె ఒంటికాలి మీద లేస్తుంది.

రైల్వే స్టేషన్లో మైకులో రైళ్ళ రాకపోకలు చెప్పే ఒకావిడ చెల్లెలి దగ్గరికి వచ్చేది. అందరూ ఆవిణ్ణి మైకమ్మ అంటారు. గొంతు నానాటికీ బొంగురుపోతోంది. ఎప్పుడూ నీరసం, ఎండలో నిలబడ్డా చలి. ఇలాగే ఉంటే మైకు వేరేవాళ్ళకిస్తామని పైవాళ్ళు చెప్పేశారు.

మైకమ్మ సోఫా మీద పడుకుని పైకప్పు చూస్తూ మాట్లాడేది. చెల్లెలు ఆవిడ తల వెనక కూర్చుని వినేది. ఎదురుగా ఉంటే మనిషి మొహమాటపడుతుందని ఆ పనిలో పద్ధతి అది.

మైకమ్మ చిన్నతనంలో వాళ్ళ నాన్న చెప్పాపెట్టకుండా ఇల్లొదిలి పోయాడు. ఇంట్లో మళ్ళీ ఎవరూ ఆ ఊసెత్తలేదు. చెల్లెలికి దారం కొస దొరికినట్టయింది.

"అందరి ప్రయాణాలూ చాటుతారు. మీ నాన్న వెళ్ళిపోయిన సంగతి మాత్రం మీ గొంతులోనే ఉండిపోయింది," అంది.

మైకమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. ఆ వారమంతా చెల్లెలి కాళ్ళు నేల మీద ఆనలేదు. గొంతు మాత్రం ఇంకా పాడైంది.

ఒకరోజు మెట్ల మీద అన్నయ్య ఎదురైతే మైకమ్మ "నమస్కారమండీ" అంది. ఆ గొంతు విని, ఉబ్బిన మొహం, లావెక్కిన మెడ చూసి అన్నయ్య వెంటనే రక్తపరీక్షకి పంపాడు. థైరాయిడ్ అని తేలింది. మాత్రలు మొదలుపెట్టాడు.

ఆ రోజు అన్నయ్య ఎత్తిపొడవలేదు. చెల్లెలికి అదే ఎక్కువ మండింది.

"ఒకసారి నాకు చూపించమని చెప్పాల్సింది కదే," అన్నాడు మెల్లగా.

"చెప్పాల్సింది."

"నేను మానెయ్యమనను. మైకమ్మ మళ్ళీ నీ దగ్గరికొస్తే నీ పని నడుపుకో. రాకపోతే నువ్వే ఆలోచించుకో."

చెల్లెలికి సిగ్గుగా ఉంది, కోపంగానూ ఉంది. తను పొరపడింది నిజమే. మరి ఆ ఏడుపు అబద్ధమా? అది ఏ రక్తపరీక్షలో తేలుతుంది?

కొన్ని నెలలకి మైకమ్మ వచ్చింది. చెల్లెలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. మైకమ్మ ఎప్పటిలాగే పడుకుని చాలాసేపు మాట్లాడింది. వెనక చెల్లెలు చెవులు రిక్కించింది. మాట బరువెక్కుతోందా? ఆ గుటక అంత కష్టంగా పడిందేం? మధ్యలో ఆవలించిందేం, మళ్ళీ నీరసమా?

"మీరేమంటారండీ?" అంది మైకమ్మ చివరికి.

విన్నదాంట్లో ఒక్క ముక్కా చెల్లెలికి గుర్తులేదు.

"మీ గొంతు బాగుంది," అంది.

మైకమ్మ లేచి కూర్చుని వెనక్కి తిరిగింది.

"అది మీ అన్నయ్యగారు చెప్పారండి. నేను మా నాన్న గురించి చెప్తున్నాను."