అనుమానం మేస్త్రి

పద్దెనిమిదో పంటి దగ్గర మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. పొద్దున్నే షెడ్డుకు వచ్చి, మోటారు రంపాన్ని బల్లకు బిగించి, గొలుసు మీద ఒక్కొక్క పంటినీ ఆకురాయితో మూడేసి సార్లు నూరడం అతనికి ముప్ఫయ్యేళ్ల అలవాటు. మధ్యలో ఆగడం అలవాటు కాదు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, గొలుసును కిటికీ వెలుతురుకేసి తిప్పి చూశాడు. పంటి కొస చిట్లింది. పక్క పన్నూ అంతే.

చెక్క కోస్తే పళ్లు అరుగుతాయి గాని చిట్లవు. ఏ రాయికో, ఇనుముకో తగిలితేనే అలా చిట్లుతాయి. ఇది పైకి తీసుకెళ్లే చిన్న రంపం. నిన్న సాయంత్రం దాకా చెట్టు కొమ్మల్లోనే ఉంది. అక్కడ రాళ్లుండవు. ఉండే ఇనుమల్లా ఒకటే, ఎక్కినవాడి నడుం బెల్టుకున్న కొక్కెం.

మేస్త్రి లేచి, మేకుకు వేలాడుతున్న బెల్టు దగ్గరికి నడిచాడు. కొక్కెం మీద కొత్తగా పడ్డ గీత తళతళలాడుతోంది. దాని మీద బొటనవేలు ఆనించి కాసేపు నిలబడ్డాడు. ఇంకొక్క అంగుళం ఇటు జరిగితే తాడు.

ఆ బెల్టు అతని బావమరిదిది. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. అందరూ ఉడత అంటారు. పెళ్లి మాట ఎత్తితే చాలు చెట్టెక్కేసేవాడని ఇంట్లో నవ్వుకునేవారు. ఎక్కడం అతనిది, కింద తాడు పట్టడం మేస్త్రిది. ఇరవై రెండేళ్లుగా అదే జోడీ. చూడ్డానికి వచ్చిన జనం తలలెత్తి ఉడతనే చూస్తారు, ఫోటోలూ అతన్నే తీస్తారు. తాడు రెండో కొస ఎవరి చేతిలో ఉందో ఎవరూ అడగరు. ఆ సంగతి మేస్త్రికి ఎప్పుడూ లోటనిపించలేదు.

అతనికి అసలు పేరు ఒకటుంది గాని పనివాళ్లలో 'అనుమానం మేస్త్రి' అంటేనే తెలుస్తుంది. తాళం వేసి నాలుగడుగులు వేశాక వెనక్కొచ్చి లాగి చూస్తాడు. కొత్త తాడును కొన్న రోజునే నమ్మడు. తానే చెక్కి చేసుకున్న సుత్తితో మాను చుట్టూ కొట్టి, చెవి ఆనించి విని గాని ఎవర్నీ ఎక్కనివ్వడు. వయసులో ఉన్నప్పుడు అతనూ, అతని అన్నా ఇద్దరూ ఎక్కేవారు. ఆకుపచ్చగా కళకళలాడే కొమ్మ మీద అన్న కాలు పెట్టాడు. లోపలంతా డొల్ల. ఆ రోజు నుంచి మేస్త్రి మళ్లీ చెట్టెక్కలేదు, పచ్చగా కనిపించిన దేన్నీ నమ్మలేదు.

ఇప్పుడు నెల రోజులుగా ఆ అనుమానం బావమరిది చుట్టూ తిరుగుతోంది. టీ తాగడానికి పిలిస్తే ఏదో పని చెప్పి తప్పుకుంటున్నాడు. ఎప్పుడు చూసినా నోట్లో లవంగం. ఇంట్లో భార్య ఫోనులో గుసగుసలాడుతూ, తనను చూడగానే "సరే, ఉంటా" అని పెట్టేస్తోంది. మేస్త్రి ఒకటికొకటి కలుపుకుని తేల్చుకున్నాడు. తాగుతున్నాడు. అక్క వెనకేసుకొస్తోంది.

ఉడత చలికి భుజాలు ముడుచుకుని లోపలికొచ్చాడు. చేతులకు అప్పటికే గ్లవుజులున్నాయి.

"నిన్న రంపం దేనికి తగిలింద్రా?"

"దేనికీ తగల్లేదే బావా."

అంత తొందరగా వచ్చిన జవాబు మేస్త్రికి మింగుడు పడలేదు. హెల్మెట్ పట్టీ సరిచేసే నెపంతో మొహంలో మొహం పెట్టి గాలి పీల్చాడు. లవంగం వాసన తప్ప ఇంకేమీ లేదు. ఆ లవంగమే అతని అనుమానాన్ని రెట్టింపు చేసింది.

ఆ రోజు పని ఒక ఆసుపత్రి వెనక. పెద్ద కొమ్మ ఒకటి పగులిచ్చి, దుప్పట్లు ఉతికే గది రేకుల మీదికి వాలింది. మేస్త్రి మాను చుట్టూ మూడుసార్లు తిరిగి సుత్తితో కొట్టాడు. గట్టి మాను, మోత నిండుగా పలికింది. చెట్టు మీద అనుమానం లేదు. తాడు గుంజి చూశాడు. దాని మీదా లేదు. "ఎక్కు" అన్నాడు.

కొమ్మలు మోసే ఇద్దరు పక్కన కూర్చుని ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. మేస్త్రి చూపు తిప్పలేదు. ఉడత ఎక్కడం ఎప్పటిలాగే ఉంది, కాళ్లకు తడబాటు లేదు. తాగినవాడి కాళ్లు అలా పడవు. మరి?

కొమ్మ మొదట్లో కూర్చుని ఉడత ముడి వేయడం మొదలుపెట్టాడు. కళ్లు మూసుకుని, మాటలాడుతూ, పాట పాడుతూ కూడా వేయగల ముడి. ఇవాళ తల వంచి, తాడు కొస ఎటు పోతోందో కళ్లతో వెతుక్కుంటున్నాడు. వేశాక పళ్లతో లాగి బిగించాడు. తర్వాత బెల్టు నుంచి రంపం తీసి, పట్టు దొరికిందో లేదో ఒకసారి చూసి, మళ్లీ చూశాడు.

మేస్త్రి తాడు బిగించి పట్టుకున్నాడు.

"దిగు."

"ఇప్పుడే కదా బావా ఎక్కింది!"

"రంపం బెల్టుకు తగిలించెయ్. ఇంకేమీ ముట్టుకోకు. నేను వదుల్తా, నువ్వు ఊరికే కూర్చో."

ముక్కు చీదినంతసేపట్లో దిగేవాణ్ణి జానెడు జానెడుగా, పసిపిల్లను ఉయ్యాల్లోంచి తీసినట్టు దించాడు. కాళ్లు నేలకానగానే మోసేవాళ్లకు వినపడకుండా చెట్టు వెనక్కి తీసుకెళ్లి, మొక్కజొన్న పొత్తు ఒలిచినట్టు గ్లవుజులు ఒలిచేశాడు. వేళ్లు కణుపుల దాకా తెల్లగా, కొవ్వొత్తుల్లా ఉన్నాయి.

"కళ్లు మూసుకో" అన్నాడు మేస్త్రి. జేబులోంచి సన్న ఆకురాయి తీసి ఉంగరపు వేలి కొసకు నొక్కాడు. "ఏ వేలు?"

ఉడత తడుముకున్నాడు. "చూపుడు వేలు."

"ఇప్పుడు?"

"చిటికెన వేలు కదూ?"

ఆకురాయి అప్పటికి మేస్త్రి గుప్పిట్లోనే ఉంది. దేన్నీ తాకలేదు.

కళ్లు తెరిచిన ఉడతకు బావ మొహం చూడగానే అర్థమైంది. తల దించుకున్నాడు. "రంపం వణుకు వల్లట. ఇన్నేళ్ల వణుకుకీ వేళ్లలో నెత్తురు ఆడటం లేదన్నాడు డాక్టరు. చలి పొద్దుల్లో మరీ ఎక్కువ. గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది బావా, అందుకే టీకి రాలేదు. వేళ్ల పని పళ్లతో చేసి చేసి దవడ నొప్పి, అందుకు లవంగం."

"నిన్న కొక్కేనికి తగిలింది కూడా ఇందుకేనా?"

"తగిలినట్టు తెలీలేదు. చప్పుడైతే తెలిసింది."

మేస్త్రి కింద ఉండి తాడు పట్టరాదా అనబోయాడు. మాట గొంతుదాకా వచ్చింది. ఆ వేళ్లకు తాడు జారుతున్నదీ తెలియదు. అలాంటి చేతిని నమ్మి ఏ మనిషినీ తాను పైకి పంపడు. మాట మింగేశాడు. అది మింగడం ఉడత చూశాడు.

"నాకు తెలుసులే బావా. నువ్వు అనలేవు."

మేస్త్రి షెడ్డు యజమానికి ఫోను చేశాడు. "ఈ చెట్టు మనవాడు ఎక్కడం వద్దండీ. రేపు క్రేన్ బండి పంపండి."

"ఏం, పుచ్చిందా?"

"నాకెందుకో అనుమానంగా ఉంది."

అవతల పెద్దగా నవ్వు. "నీకు అనుమానం లేందెప్పుడయ్యా! సరే, పంపిస్తా." ఇంకేమీ అడగలేదు. తన పేరు ఒకరికి ఇలా అక్కరకొస్తుందని మేస్త్రి ఎన్నడూ అనుకోలేదు.

తర్వాత ఇంటికి, భార్యకు చేశాడు. "నీకు తెలుసా?"

"నెలనుంచీ తెలుసు. చెబితే చచ్చిపోతానని ఒట్టు వేయించుకున్నాడు. మీరెలాగూ పట్టేస్తారని రోజూ ఎదురుచూస్తున్నా. గాలిని కూడా అనుమానించే మనిషి, వాడి చేతులు చూడ్డానికి నెలా?"

"నేను నోరు వాసన చూస్తున్నా" అన్నాడు మేస్త్రి. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తేలలేదు.

వెనక్కి తిరిగి చూసేసరికి ఉడత బెల్టు విప్పి, తాళ్ల పక్కన మడిచి పెట్టేశాడు. "నేను బయల్దేరతా బావా. మధ్యాహ్నం బస్సు దొరుకుతుంది."

"షెడ్డుకొచ్చి బట్టలు మార్చుకుని పో."

"వద్దులే." మాసిన పని బట్టలతోనే, చేతులు చంకల్లో దాచుకుని, గేటు దాకా నడిచాడు. వాచ్‌మాన్ ఏదో అడిగితే తల ఊపాడు. ఆసుపత్రికి వచ్చే జనం మధ్య అతని వీపు కాసేపు కనిపించి, ఆ తర్వాత కనిపించలేదు. అతను మళ్లీ ఆ పనికి రాలేదు. మోసేవాళ్లిద్దరూ ఉడత ఏడని సాయంత్రం దాకా అడగనే లేదు.

పని సర్దుకుని షెడ్డుకు చేరేసరికి ఎండ వాలింది. మేస్త్రి తాళ్లు ఆరేసి, తలుపు వెనక చీపురు కోసం చెయ్యి పెట్టాడు. అక్కడ మేకుకు ఉడత ఇంటినుంచి వేసుకొచ్చిన గళ్ల చొక్కా వేలాడుతోంది. పంపిద్దామని తీసి, దులిపి మడవడానికి గుండీలు విప్పబోయాడు. విడలేదు. తలుపు వెలుతురులోకి తెచ్చి చూశాడు. పై రెండూ తప్ప తక్కిన గుండీలన్నీ కాజాల్లో ఉండగానే, తల దూర్చి తొడుక్కునేలా, నల్లదారంతో కుట్టేసి ఉన్నాయి. కుట్టు కుట్టుకీ చివర, తన భార్య మాత్రమే వేసే ఆ చిన్న జంట ముడి.