భుజం మీది ప్లాస్టరు

కుటుంబరావు జగ్గయ్యపేటలో కాపురం ఉంటూ, రోజూ బస్సులో నందిగామ వెళ్ళి అక్కడ ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. వయసు నలభై దాటింది. కాలేజీలో చదువుకునే రోజుల్లో మొదలుపెట్టిన సిగరెట్ని 2009 వేసవిలో మానేశాడు. మానేశాడనడం కంటే మాన్పించారనడం నిజం. అంతకు ముందు చలికాలమంతా దగ్గు తెరలు తెరలుగా వచ్చి పాఠం మధ్యలో ఆగిపోతుంటే, భార్య చూడామణి అతన్ని విజయవాడ తీసుకెళ్ళి ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించింది. ఆయన నికోటిన్ ప్యాచ్‌లు రాశాడు. ఒంటికి అంటించుకునే ప్లాస్టరు లాంటివి. పొద్దున్నే ఒకటి భుజానికి అంటించుకుంటే రోజంతా కొద్దికొద్దిగా నికోటిన్ చర్మం గుండా రక్తంలోకి దిగుతుంది. సిగరెట్ మీదికి మనసు పోదు. మొదట పెద్ద సైజువి, తర్వాత మధ్యవి, చివరికి చిన్నవి. ఆ తర్వాత అవీ ఉండకూడదు.

పెద్దవి బాగా పని చేశాయి. బస్టాండులో కిళ్ళీకొట్టు ముందు నుంచి నడిచి వెళ్తూ కూడా అతను అటు చూడడం లేదు. ఇంట్లో కూతురు మహతి, "నాన్న దగ్గర సబ్బు వాసన వస్తోందమ్మా" అంది. ఆ మాట కుటుంబరావు స్టాఫ్ రూములో కూడా చెప్పుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే జాన్‌బాషాకి ఎడమ కాలి బొటనవేలి మీద పుండు లేచింది.

జాన్‌బాషా, కుటుంబరావు జగ్గయ్యపేట హైస్కూల్లో ఒకే బెంచీ. టెన్తు తర్వాత జాన్‌బాషా లారీ క్లీనరుగా చేరి, డ్రైవరై, చివరికి సొంతంగా ఒక ఇండికా కారు కొనుక్కుని టాక్సీ స్టాండులో పెట్టుకున్నాడు. రోజుకి రెండు పెట్టెల సిగరెట్లు తాగేవాడు. నడిస్తే పిక్కలు పట్టేస్తున్నాయని ఏడాదిగా అంటున్నాడు గానీ, క్లచ్ తొక్కీ తొక్కీ అలా అవుతోందనుకున్నారు అందరూ. పుండు మానకపోయేసరికి అతని భార్య సుభాన్‌బీ కుటుంబరావు ఇంటికొచ్చింది.

"డాక్టరు గారు చెప్పేవి నాకు అర్థం కావన్నయ్యా. ఈయన విన్నా సగం వింటాడు. మీరు కూడా రండి" అంది.

ముగ్గురూ విజయవాడ వెళ్ళారు. రక్తనాళాల డాక్టరు పరీక్షలన్నీ చూసి, ఇది పొగాకు వల్ల వచ్చే జబ్బు అన్నాడు. కాలికి రక్తం తీసుకెళ్ళే నాళాలు మూసుకుపోతున్నాయట.

"మందులు రాస్తాను. కానీ మందులు చేసేది కొంచెమే. సిగరెట్, బీడీ, ఖైనీ, జర్దాకిళ్ళీ ఏదీ వద్దు. నికోటిన్ అనేది ఏ దారినా ఒంట్లోకి పోకూడదు. పోయిందా, వేళ్ళు తీసెయ్యాల్సొస్తుంది. తర్వాత పాదం."

జాన్‌బాషా తల ఊపాడు. అతని చెవిన పడినవి సిగరెట్, బీడీ. నికోటిన్ అన్న మాట విన్నది కుటుంబరావు. ఆ సమయానికి అతని చొక్కా చెయ్యి కింద ప్యాచ్ ఉంది. దాని గురించి అడుగుదామా అని ఒక్క క్షణం అనిపించింది. మనం వచ్చింది వీడి కాలు చూపించడానికి కదా అనుకుని ఊరుకున్నాడు.

జాన్‌బాషా ఆ రోజే మానేశాడు. అతని మాట అంటే మాటే. కానీ ఒళ్ళు వినలేదు. నిద్ర లేదు, తిండి సయించదు. స్టాండులో తోటి డ్రైవర్లతో తగాదా పెట్టుకున్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం వానలో తడుస్తూ కుటుంబరావు ఇంటికొచ్చి వరండాలో కుర్చీలో కూలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి.

"పొద్దున సుభాన్‌బీ మీదికి చెయ్యెత్తారా రావూ. పెళ్ళయిన కాణ్ణుంచి ఎప్పుడన్నా ఎత్తానా? కూరలో ఉప్పు లేదని ఎత్తా. దించలేక గోడకేసి కొట్టా" అన్నాడు.

కుటుంబరావు తువ్వాలు తెచ్చి ఇచ్చాడు.

"ఇట్టా వస్తుంటే మీ సందు చివర కొట్టు కాడ ఆగా. ఒక్కటి తాగితే ఏమవుతుందని. మళ్ళీ నీ దగ్గరికొచ్చా. నువ్వెట్టా మానావురా?"

చూడామణి, మహతి సుబ్బాయిగూడెం పెళ్ళికి వెళ్ళి ఉన్నారు. ఇంట్లో ఇంకెవరూ లేరు. కుటుంబరావు లోపలికి వెళ్ళి బీరువాలోంచి ప్యాచ్‌ల పెట్టె తీశాడు. తీస్తుండగా డాక్టరు మాట గుర్తొచ్చింది. గుర్తు రాలేదని తర్వాత ఎన్నోసార్లు తనకి తాను చెప్పుకోబోయాడు గానీ, గుర్తొచ్చింది. డాక్టరు ఇచ్చిన చీటీ మీద ఫోన్ నంబరు ఉందని కూడా గుర్తొచ్చింది. ఫోన్ చేస్తే వద్దంటాడు. వద్దంటే వరండాలో కూర్చున్నవాడు లేచి సందు చివరికి వెళ్తాడు. ఇదైతే పొగ లేదు, తారు లేదు. సిగరెట్ కంటే నయం కదా అనుకున్నాడు.

"ఇదేంట్రా, బ్యాండేజీనా?" అన్నాడు జాన్‌బాషా.

"మందు. భుజానికి అంటించుకో. సాయంత్రానికి చూడు."

"డాక్టరేమన్నా అంటాడేమో?"

"పొగ లేదు కదరా" అన్నాడు కుటుంబరావు. అడిగినదానికి అది జవాబు కాదని అతనికి తెలుసు.

సాయంత్రానికి జాన్‌బాషా చేతుల వణుకు తగ్గింది. మర్నాడు స్టాండుకి వెళ్ళి అందరికీ టీలు ఇప్పించాడట. కుటుంబరావుకి ఎంత సంతోషం కలిగిందంటే, ఆ వారం విజయవాడ మెడికల్ షాపుకి ఫోన్ చేసి పెద్దవి రెండింతలు తెప్పించాడు. లెక్క ప్రకారం అతను అప్పటికి మధ్య సైజుకి దిగాలి. దిగలేదు. పెద్దవి కొంటున్నాడు కాబట్టి తనూ పెద్దవే అంటించుకుంటూ పోయాడు. చూడామణి పెట్టెలు చూసి, "ఇంకా ఇవేనా అండీ? తగ్గించమన్నారుగా" అంటే, "ఇంకొన్నాళ్ళు" అన్నాడు. జాన్‌బాషాకి ఇస్తున్న సంగతి ఆమెకి చెప్పలేదు. తప్పు లేని పనైతే చెప్పేవాడే.

సుభాన్‌బీకి మొగుడి భుజం మీది ప్లాస్టరు కనిపించింది. డ్రైవింగు నొప్పులకి అన్నాడు జాన్‌బాషా. ఆమె నమ్మింది.

శ్రావణమాసం వెళ్ళేసరికి పుండు పక్కవేలికి పాకింది. జాన్‌బాషా సాక్సు వేసుకుని కొన్నాళ్ళు దాచాడు. వాసన రావడం మొదలయ్యాక ఇక దాగలేదు. స్టాండులోని బుల్లిబాబు అనే డ్రైవరు బండి తోలితే మళ్ళీ ముగ్గురూ విజయవాడ వెళ్ళారు. బొటనవేలు నల్లగా, ఎండిపోయిన ఖర్జూరంలా ఉంది.

ఆసుపత్రిలో ఈసీజీ తియ్యడానికి నర్సు చొక్కా విప్పించింది. ప్యాచ్ బయటపడింది. ఆమె డాక్టర్ని పిలిచింది. ఆయన దాన్ని గోటితో లేపి పీకి, లైటు కింద పట్టుకుని చూశాడు.

"ఇది ఎవరిచ్చారు మీకు?"

సుభాన్‌బీ ముందుకొచ్చి, "నొప్పులకండి" అంది.

"నొప్పులకి కాదమ్మా. ఇది నికోటిన్. నేను ఏదైతే వద్దన్నానో అదే. ఎవరిచ్చారు?"

కుటుంబరావు మంచం కాళ్ళ వైపు నిలబడి ఉన్నాడు. నోరు తెరిచాడు. మాట బయటికి రాలేదు. జాన్‌బాషా అతని వైపు చూడకుండా, "నేనే కొనుక్కున్నానండి. ఎవరో చెబితే" అన్నాడు.

డాక్టరు ఇంకేమీ అడగలేదు. ఆపరేషనుకి సంతకం పెట్టించుకోమని నర్సుకి చెప్పి వెళ్ళిపోయాడు. కుటుంబరావు బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకుని, తన భుజం మీది ప్యాచ్ పీకి డబ్బాలో పారేశాడు. మొహం కడుక్కున్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక, పళ్ళు బిగబట్టి కొంతసేపు కూర్చుని, లేచి బీరువా తీసి కొత్తది అంటించుకున్నాడు. అంటించుకుంటూ అద్దంలోకి చూడలేకపోయాడు.

వేళ్ళు మాత్రమే తీస్తే సరిపోలేదు. పాదంలో ముందు సగం తీసేశారు.

కుటుంబరావు కాలేజీకి వెళ్ళి పాఠం చెప్పాడు. నల్లబల్ల మీద ఏవో సమీకరణాలు రాశాడు. పిల్లలు నోట్సులో ఎక్కించుకున్నారు. ఒంట్లోకి చేరిన పదార్థానికి అది ఏ దారిన వచ్చిందన్నది అక్కర్లేదని వాళ్ళకి చెప్పేది తనే. రెండు రోజులు అన్నం సరిగ్గా తినకపోతే చూడామణి నిలదీసింది. చెప్పాడు. ఆమె వడ్డించబోయిన గరిటె గిన్నెలో పెట్టేసింది.

"సుభాన్‌బీకి చెప్పారా?" అంది.

"లేదు."

"బాషా అన్నయ్య తన మీద వేసుకుంటే మీరు చూస్తూ ఉన్నారా?"

మర్నాడు సెలవు పెట్టి విజయవాడ వెళ్ళాడు. సుభాన్‌బీ వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చోబోయి, కూర్చోకుండా నిలబడే చెప్పాడు. ప్యాచ్ ఇచ్చింది తనేనని, డాక్టరు చెప్పింది విని కూడా ఇచ్చానని, ఆరోజు అడిగితే నోరు మెదపలేదని.

ఆమె అరవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు నేల వైపు చూసింది.

"ఆయనకి తెలీదు. మీకు తెలుసుగా" అంది. "మిమ్మల్ని అందుకేగా వెంట రమ్మంది."

ఆమె వార్డు తలుపు వైపు చూసింది.

"మీరెళ్ళండి. కొన్నాళ్ళు మా ఇంటికి రావద్దు."

అతను అక్కణ్ణుంచి డాక్టరు గదికి వెళ్ళి ఆయనకీ చెప్పాడు. డాక్టరు కోప్పడలేదు, అలిసిపోయి ఉన్నాడు.

"ఆయన ఇరవై ఏళ్ళు తాగాడు. కాలు అప్పటికే దెబ్బతింది. ఇది లేకపోయినా పొయ్యేదేమో. దీనివల్లే పోయిందని నేను చెప్పలేను. దీనివల్ల కాదనీ చెప్పలేను."

ఆ మాట పట్టుకుని కుటుంబరావు బస్సులో జగ్గయ్యపేట దాకా వచ్చాడు. కంచికచర్ల దాటేదాకా మొదటి సగం నమ్మాడు. ఆ తర్వాత రెండో సగం.

ఇంటికొచ్చాక పెద్ద ప్యాచ్‌లు మిగిలినవన్నీ చూడామణి చేతికిచ్చి పారేయమన్నాడు. తన డాక్టరుకి ఫోన్ చేసి, ఇన్నాళ్ళూ తగ్గించలేదని ఒప్పుకుని, ఆయన చెప్పినట్టు మధ్యవాటికి దిగాడు. దిగిన రోజుల్లో తలనొప్పి, చిరాకు. క్లాసులో ఒక పిల్లవాడి మీద విసుక్కుని, తర్వాత వాణ్ణి పిలిచి తప్పయిందన్నాడు. నోట్లో సోంపు గింజలు వేసుకుని నెట్టుకొచ్చాడు. కష్టమనిపించినప్పుడల్లా వరండాలో వణుకుతూ కూర్చున్న జాన్‌బాషా గుర్తొచ్చేవాడు. వాడు మొదట్లో ఏ ఆసరా లేకుండానే నిలబడ్డాడు. ఆ ఆదివారం కూడా సందు చివర కొట్టు దాటుకునే వచ్చాడు. ఇంకొన్ని రోజులు పక్కన కూర్చుని మాట్లాడుతూ ఉంటే దాటేవాడేమో. అంత ఓపిక తనకి లేకపోయింది. తొందరగా నయం చేసినవాణ్ణి అనిపించుకోవాలనుకున్నాడు.

దసరా అయ్యాక జాన్‌బాషా ఫోన్ చేశాడు.

"ఏరా, చచ్చావా బతికావా? ఇంటికి రా."

"సుభాన్‌బీ వద్దంది."

"నేను రమ్మంటున్నాగా."

వెళ్ళాడు. జాన్‌బాషా మంచం మీద, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. సుభాన్‌బీ వంటింట్లోంచి బయటికి రాలేదు.

"దానికెందుకు చెప్పావురా? గమ్మున ఉంటే అయిపోయేదిగా" అన్నాడు జాన్‌బాషా.

"ఉండలేకపోయా."

"అసలు సంగతి వినరా. నేను దొంగతనంగా తాగా. నీ ప్లాస్టరు భుజాన పెట్టుకునే, చిల్లకల్లు అడ్డరోడ్డు కాడ బండి ఆపి తాగేవాణ్ణి. నీ ప్లాస్టరుదేం లేదు. నా ఖర్మ."

కుటుంబరావుకి ఒక్కసారి ఊపిరి తేలికైనట్టయింది. ఆ వెంటనే వంటింట్లోంచి సుభాన్‌బీ గొంతు వినిపించింది.

"అబద్ధం. రోజూ ఆయన చొక్కాలు ఉతికేది నేను. మానేసిన కాణ్ణుంచి ఒక్కనాడు వాసన రాలేదు."

జాన్‌బాషా గోడ వైపు తిరిగాడు. "నీకేం తెలుసే" అన్నాడు గానీ గట్టిగా అనలేదు.

కుటుంబరావు వాళ్ళిద్దరిలో ఎవరు నిజం చెప్పారో మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. సుభాన్‌బీ మాటే నిజమనుకున్నాడు. స్నేహితుడు తన కోసం ఆడిన అబద్ధాన్ని వాడుకోవడానికి మనసొప్పలేదు.

కట్లు మార్పించుకోవడానికి వారం వారం విజయవాడ వెళ్ళాలి. బుల్లిబాబుకి తన కిరాయిలు తనకున్నాయి. బస్సులో ఆ కాలుతో వెళ్ళడం కుదరదు. ఇండికా వాకిట్లో దుమ్ము పట్టి ఉంది.

"నేను నేర్చుకుంటా. నేర్పు" అన్నాడు కుటుంబరావు.

సిమెంటు ఫ్యాక్టరీ రోడ్డు పక్క ఖాళీ స్థలంలో నేర్పాడు జాన్‌బాషా, ఎడమ సీట్లో కూర్చుని. ఆ రోజుల్లోనే కుటుంబరావు చిన్న ప్యాచ్‌కి దిగాడు. బండి ఊరికే ఆగిపోయేది.

"క్లచ్ మెల్లగా వదలరా. ఎందుకంత భయం, కాలు బానే ఉందిగా నీది" అన్నాడు జాన్‌బాషా ఒకసారి. అన్నాక జాన్‌బాషాయే ముందు నవ్వాడు. కుటుంబరావుకి నవ్వు రాలేదు.

లైసెన్సు వచ్చేనాటికి చిన్న ప్యాచ్ కూడా అయిపోయింది. ఒక పొద్దున స్నానం చేసి చొక్కా వేసుకుని బయటికొచ్చేశాడు. అంటించుకోలేదన్న సంగతి సాయంత్రానికి గానీ ఎవరికీ చెప్పలేదు. చూడామణి భుజం తడిమి చూసి, "పోనీలెండి" అంది. అంతకంటే ఎక్కువ అనాలని ఇద్దరికీ అనిపించలేదు. స్టాఫ్ రూములో ప్రేమదాసు అనే లెక్చరరు, ఎలా మానారో చెప్పమని, ప్యాచ్‌లు మిగిలితే ఇమ్మని అడిగాడు. "మిగల్లేదు. మిగిలినా ఇవ్వను. డాక్టర్ని అడుగు, నేనూ వస్తా" అన్నాడు కుటుంబరావు.

ఆ తర్వాత వారం మొదటిసారి హైవే ఎక్కాడు. పక్కన జాన్‌బాషా, వెనక సీట్లో సుభాన్‌బీ. ఆమె అతనితో మాట్లాడడం మానేసి నెలలయింది. నందిగామ దాటాక, కీసర దగ్గర మున్నేటి వంతెన మీద ఒక లారీ హారన్ కొడుతూ ఒరుసుకుంటున్నట్టు పక్కనుంచి పోయింది. కుటుంబరావు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

"అంత తొందరేం లేదు, నిదానంగా పోనిమ్మని చెప్పండి" అంది సుభాన్‌బీ భర్తతో.

జాన్‌బాషా చెప్పేలోపే కుటుంబరావు వేగం తగ్గించాడు. పరిటాల వచ్చేదాకా వెనక్కి చూడలేదు, ఎడమ వరస వదల్లేదు.