బోలు చెక్క

షాపతను గోడ మీంచి బాస్ గిటారు దించి, రాజకుమారిని దాటుకుని వెళ్ళి మనోజ్ చేతికివ్వబోయాడు.

"నాకు కాదండి. టీచర్ గారికి," అన్నాడు మనోజ్.

షాపతను ఆమె వైపు తిరిగాడు. యాభై దాటిన మనిషి, నేత చీర, చేతిలో తడి గొడుగు, మెడ కింద అడ్డంగా సన్నటి మచ్చ.

"అమ్మగారికాండీ? వీణ అయితే పవర్‌పేటలో దొరుకుతుందండి. ఇది వీణ కాదు."

"తెలుసండి. ఇదే కావాలి," అంది రాజకుమారి. గొంతు గరగరలాడుతూ, ఎదుటి మనిషి కాస్త ముందుకి వంగితే గాని వినపడనట్టు వచ్చింది.

ఏడాది క్రితం ఏలూరులోనే థైరాయిడ్ ఆపరేషన్ జరిగింది. గొంతు నరం ఆ గడ్డ పక్కనుంచే పోతుందని, గొంతు మారితే మారచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. మారింది. మాట వస్తుంది. పాట రాదు. కొల్లేటి కట్ట మీది ఆ ఊరికి కోడలిగా వచ్చిన కొన్నాళ్ళకే చర్చిలో ఆడవాళ్ళ పాట ఆమె చేతికొచ్చింది. ప్రతి ఏటా చర్చి పండగనాడు ఊళ్ళో ఆడవాళ్ళందరూ కలిసి పాడే పాట అది. మొదటి స్వరం ఆమె అందుకుంటే తక్కినవాళ్ళు కలిసేవారు. పోయిన పండక్కి ఆమె చివరి బల్ల మీద నోరు మూసుకుని కూర్చుంది. పాట అయిపోయేదాకా చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మనోజ్ ఆమె దగ్గర సండే స్కూల్లో చదువుకున్నవాడు. తాడేపల్లిగూడెంలో రైసు మిల్లు ఆఫీసులో పని. శనివారం సాయంత్రం ఇంటికొచ్చి ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. "బాస్ నేర్చుకోండి టీచర్ గారూ, గొంతుతో పనిలేదు, పాట అడుగున ఉండచ్చు," అన్నది అతనే.

మొదటి గిటారు భుజాన వేసుకుంటే బియ్యం బస్తా మోస్తున్నట్టుంది. తీగ మీటితే 'టిక్' మని ఊరుకుంది.

"ప్లగ్ పెట్టకపోతే మాట్లాడదండి అది," అన్నాడు షాపతను.

రెండోదీ అంతే. ఆమె చూపు వెనక గోడకి వేలాడుతున్న ఇంకోదాని మీద పడింది. తేనె రంగు. పొట్ట మీద అటొకటి ఇటొకటి వంపు తిరిగిన కన్నాలు.

"అది వద్దండి. ఒకాయన కొనుక్కెళ్ళి నెల తిరక్కుండా వెనక్కిచ్చేశాడు. సౌండు పెంచితే కూత పెడుతుంది."

"ఎందుకండీ?"

"సెమీ హాలో అంటారండి. నడుమ గట్టి చెక్క, అటూ ఇటూ బోలు. స్పీకరు మోత ఆ బోలులోకి దూరి మళ్ళీ బయటికొస్తుంది. గట్టి చెక్కదైతే ఎవరి గోలా పట్టించుకోదండి. ఇది అన్నీ వింటుంది."

ఆమె దాన్ని ఒళ్ళో పెట్టించుకుంది. మిగతావాటికంటే తేలిక. అన్నిటికంటే లావు తీగని బొటనవేలితో మీటింది. చప్పుడు పెద్దదేం కాదు. కానీ చెక్క ఆనిన చోట, పక్కటెముకల మీదుగా, గొంతు గుంట దాకా ఏదో పాకింది. పాడే రోజుల్లో అక్కడే అదిరేది. ఏడాదిగా అక్కడ ఏమీ లేదు. ఇంకోసారి మీటి, అరచెయ్యి చెక్క మీద పరిచి, అదురు పూర్తిగా చల్లారేదాకా అలాగే కూర్చుంది.

"ఇదివ్వండి."

"టీచర్ గారూ, కూత పెడుతుందంటున్నారు కదండీ!"

"నేను సౌండు పెంచనుగా."

కైకలూరు బస్సులో దాన్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంటే కండక్టరు, "పసిబిడ్డకి టిక్కెట్టు లేదులెండి," అన్నాడు. ఇంటి దగ్గర భర్త ఆనంద్ పాల్, రిటైరైన లెక్కల మాస్టారు, సంచీ జిప్పు తీసి చూసి, "ఏమోయ్, ఇంకో మనిషినే తెచ్చావు. ఎక్కడ పడుకోబెడతావు?" అన్నాడు.

వంటింటి పక్కగదిలోనే పడుకోబెట్టింది. అన్నం ఉడుకుతుంటే, పప్పు కుక్కర్లో ఉంటే, ఆ కాస్త సమయం బాస్ ఒళ్ళో ఉండేది. ప్లగ్ పెట్టకపోయినా తనకి వినిపించేది, అది చాలు. వేళ్ళు బొబ్బలెక్కి, చితికి, కాయలు కాశాయి. ఆదివారాలు ఆరాధన అయ్యాక మనోజ్ గిటారు మెడ మీద మెట్టు మెట్టూ చూపించేవాడు. ఎండాకాలం గడిచేసరికి ఆడవాళ్ళ పాట మొత్తానికీ అడుగు స్వరాలు ఆమె చేతికి వచ్చేశాయి.

చిక్కు పాటలో వచ్చింది.

హార్మోనియం తిత్తి చిరిగిపోయాక చాలా ఏళ్ళు ఊళ్ళో ఆడవాళ్ళు ఏ వాయిద్యమూ లేకుండానే పాడారు. కీబోర్డు వచ్చి రెండేళ్ళే అయింది. కీబోర్డు ఇచ్చిన శ్రుతిలో మొదలుపెట్టి, రెండో చరణానికల్లా దానికంటే ఒక వెంట్రుకంత పైకి వెళ్ళిపోయేవారు. తెలిసినవాళ్ళ చెవికి అది ముల్లు.

"జనం ఎక్కడైనా కిందికి జారతారండి," అని మనోజ్ తలపట్టుకున్నాడు రిహార్సల్లో. "మీరేంటండీ పైకెక్కుతారు? పోనీ ఎక్కేవాళ్ళు ఇంకా ఎక్కుతారా అంటే, రోజూ ఒకచోటికే ఎక్కి అక్కడే కూర్చుంటారు!"

"కూర్చోటానికి చోటు దొరికింది నాయనా, నీకెందుకు కష్టం?" అంది సీతారత్నం. డెబ్భై ఏళ్ళ మనిషి. రాజకుమారి గొంతు పోయాక పాట అందుకుంటున్నది ఆవిడే.

బాస్ కలిస్తే నిలబడతారని మనోజ్ ఆశ. బాస్ కలిసింది. కీబోర్డూ బాసూ ఒక చోట, ఆడవాళ్ళు వాటి పైన. ముల్లు కాస్తా మేకైంది.

"అమ్మాయ్ రాజీ," అంది సీతారత్నం పాట ఆపి, "నువ్వు కిందికి లాగుతున్నావా, మేం పైకి లాగుతున్నామా? మధ్యన దేవుడు నలిగిపోతున్నాడే."

అందరూ నవ్వారు. రాజకుమారి కూడా నవ్వింది. బయటికొచ్చాక మనోజ్ ఆమెతో మాత్రం మెల్లిగా చెప్పాడు. "వచ్చే ఆదివారం పాస్టరు గారు వింటారండి. అప్పటికీ కుదరకపోతే పండక్కి ఈ పాట యూత్‌కిచ్చి, రికార్డు చేసిన మ్యూజిక్ పెట్టేద్దామంటున్నారు."

యూత్‌కిస్తే బాస్‌తో పనిలేదు. మళ్ళీ చివరి బల్ల. ఇంటికొచ్చి బాస్‌ని సంచీలో పెట్టి జిప్పు వేసేసింది. రెండు రోజులు ముట్టుకోలేదు.

మూడో రోజు ముసురు పట్టింది. ముసురు పడితే రొయ్యకి గాలి చాలదని చెరువుల్లో నీళ్ళు చిమ్మి గాలి పట్టించే ఏరేటర్లు పగలు కూడా ఆపరు. ఆ ఇంటి పెరటి గోడ దాటితే చెరువే. మోటార్ల మోత గోడకీ, గిన్నెలకీ, మనుషులకీ అలవాటైపోయింది. అది మోగుతున్నట్టు ఎవరికీ తెలియదు, ఆగితే మాత్రం ఊరంతా లేచి పరిగెడుతుంది.

ఏం తోచక ఆమె వెనక వసారాలో కూర్చుని బాస్ తీసింది. ఫోన్లో ట్యూనర్ పెట్టింది. నాలుగు తీగలకీ పచ్చ గీత వచ్చింది. అంతా సరిగ్గానే ఉంది. సన్న తీగ మీటింది.

చప్పుడు ఊగింది. వూఁ... వూఁ... వూఁ... అని ఉయ్యాల ఊగినట్టు. మళ్ళీ మీటింది. మళ్ళీ ఊగింది. మిగతా తీగలు ఊగడం లేదు. అందుకే వెనక్కిచ్చేశాడేమో ఆయనెవరో, అనుకుంది. చూద్దామని ఆ తీగ బిరడని కాస్త బిగించింది. ఊగుడు నెమ్మదించింది. ఇంకాస్త. పడవవాడు అలిసిపోయి గెడ వేస్తున్నట్టు, ఒకటి... చాలాసేపటికి ఇంకొకటి... ఇంకో పిసరు.

ఆగిపోయింది.

ఊగుడు ఆగింది గాని చప్పుడు ఆగలేదు. ఏది తీగో, ఏది చెరువో విడదీయలేకపోయింది. వేలు పెట్టి తీగని అణిచింది. వేలు తీసింది. తీగ మళ్ళీ మోగుతోంది.

ఆమె రెండు చేతులూ గాల్లోకి ఎత్తింది. ఎవరూ ముట్టుకోవడం లేదు. తీగ అంచులు సన్నగా చెదిరినట్టు కనిపిస్తున్నాయి. వంగి కన్నానికి చెవి ఆనించింది. చెక్క లోపల చెరువు మోగుతోంది.

"ఏవండీ! ఏవండీ, ఒక్కసారి రండి!"

ఆ గొంతుకి అంత కేక వస్తుందని ఆయన అనుకోలేదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని పరుగున వచ్చాడు. "ఏమైందోయ్?"

"వినండి."

ఆయన చెవి ఆనించాడు. చటుక్కున తల వెనక్కి తీసి ఆమె చేతుల వైపు చూశాడు. మళ్ళీ ఆనించాడు. "ఎవరు వాయిస్తున్నారు?"

"ఎవరూ లేరండీ."

"పాస్టరు గారిని పిలవనా, కరెంటు మేస్త్రీనా?"

ఆమె ఆడవాళ్ళ పాటలో మొదటి మాటని, పలకని గొంతుతోనే, పెదాలు కదిపి తలుచుకుంది. ఆ స్వరం అక్కడే ఉంది, తీగ మీద సిద్ధంగా. ఈ ఏళ్ళన్నీ కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చుకుని, ఎక్కడినుంచో వచ్చినట్టు అందుకునేది. నా లోపలినుంచే వస్తుందనుకునేది. గోడవతల నుంచి వచ్చేదన్నమాట. ఆడవాళ్ళు పైకెక్కి కూర్చునే చోటూ ఇదే.

"ఏవండీ, అన్ని చెరువుల మోటార్లూ ఇదే మోతా?"

"అన్నిటికీ ఒకే కరెంటు కదోయ్. ఇంచుమించు అదే మోత."

ఆమె లేచి గోడ దగ్గరికెళ్ళి నిలబడింది. ముసురులో చెరువులు ఒకదాని వెనక ఒకటి, ఆకాశం కలిసేదాకా. ప్రతి చెరువులోనూ తెల్లగా నీళ్ళు చిమ్ముతూ చక్రాలు తిరుగుతున్నాయి. కట్టల మీద మేత బస్తాలు దించుకునేవాళ్ళు, వల సర్దుకునేవాళ్ళు, గొడుగు కింద బడికెళ్ళే పిల్లలు. ఇంత కొల్లేరూ ఒకే స్వరం పట్టుకుని ఉంది. దాని మధ్యన పుట్టి, పెరిగి, వండుకుని, ఏడ్చుకుని, పాడుకుని, ఒక్కరికీ తెలియదు. వాన చీర తడిపేస్తున్నా ఆమె కదల్లేదు. ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

ఆదివారం పొద్దున్నే, ముసురింకా వదలకముందే, పాస్టరు గారింకా రాకముందే, నాలుగు తీగలూ చెరువు మోతకే బిగించుకొచ్చిన ఆమె బాస్ విని మనోజ్ మొహం చిట్లించాడు. "పైకి ఉందండి టీచర్ గారూ. మీరు కూడానా?"

"ఆ కిటికీ తెరువు."

తెరిచాడు. "ఏముందండి? చెరువు."

"కీబోర్డు మీద ఆ స్వరం నొక్కి పట్టుకుని విను."

నొక్కాడు. తల కిటికీ వైపు వంచాడు. అతని వేలు మీట మీదే ఉండిపోయింది. "అమ్మ బాబోయ్," అన్నాడు.

"దాన్ని కొంచెం పైకి జరిపే సెట్టింగు ఉందన్నావు కదరా?"

"ఉందండి," అని వెతికి జరిపాడు.

పాస్టరు గారు వచ్చి కూర్చున్నారు. ఆరాధనకి వచ్చిన మగవాళ్ళు అవతలి వరసల్లో సర్దుకున్నారు. పొడుగాటి చెక్క బల్ల మీద సీతారత్నం, ఆవిడ ఈడు ఆడవాళ్ళు కూర్చున్నారు. తక్కినవాళ్ళు బల్ల వెనక చేతులు ఆనించి వరసలుగా నిలబడ్డారు. రాజకుమారి ఆ బల్ల చివర స్టూలు వేసుకుంది. సీతారత్నం పాట అందుకుంది.

మొదటి చరణం అయింది. రెండో చరణం వచ్చింది. మనోజ్ భుజాలు బిగుసుకున్నాయి. ఎవరూ ఎక్కడికీ ఎక్కలేదు. ఎక్కాల్సిన చోటే అందరూ ఉన్నారు. బాస్ కింద, గొంతులు పైన, మధ్యలో సందు లేదు. ఆ పాటని అన్నేళ్ళు పాడిన రాజకుమారి, అది ఇంత పెద్దదని ఆ రోజే చూసింది. పాడుతున్నప్పుడు తన గొంతు అడ్డమొచ్చి కనపడలేదేమో. ఇప్పుడు దాని కింద కూర్చుని, పెద్ద ఓడని నీళ్ళ అడుగునుంచి చూసినట్టు చూస్తోంది.

కరెంటు పోయింది.

కీబోర్డు ఆగింది. బాస్ ప్లగ్ పెట్టిన ఆంప్ స్పీకరు ఆగింది. ఫ్యాన్లు ఆగాయి. కిటికీ అవతల చెరువులూ ఆగాయి. మరుక్షణం మగవాళ్ళ వరసలు ఖాళీ. చెప్పులు కూడా తొడుక్కోకుండా జనరేటర్ల కోసం కట్టల మీదికి పరుగు. ఆ ఊళ్ళో అది ప్రార్థన మధ్యలోనైనా తప్పు కాదు.

అంత నిశ్శబ్దం అలవాటు లేదు. ఆడవాళ్ళ గొంతులు బెదిరాయి. ఒకరిది కిందికి, ఒకరిది పక్కకి. సీతారత్నం పాడుతూనే రాజకుమారి వైపు చూసింది.

రాజకుమారి మీటుతూనే ఉంది. కానీ ఆంప్ లేని ఆ చప్పుడు తన ఒడి దాటడం లేదు. ఒంగి, బాస్ కింది అంచుని తెచ్చి బల్ల కొసకి గట్టిగా ఆనించింది. మీటింది.

బల్ల మోగింది.

సీతారత్నం ఉలిక్కిపడి బల్ల మీద చెయ్యేసింది. పక్కావిడ కూడా. బల్ల వెనక చేతులానించి నిలబడ్డవాళ్ళ వేళ్ళు బిగుసుకున్నాయి. ముందు ఆ బల్ల దగ్గరి గొంతులు కుదురుకున్నాయి. వాళ్ళని విని వెనక వరస, వెనక వరసని విని తలుపు దగ్గరివాళ్ళు.

చెరువుల వైపు ఒక జనరేటరు అందుకుంది, బాగా కింది శ్రుతిలో. ఇంకొకటి, కాస్త పైన. ఇంకొకటి ఎక్కుతూ ఎక్కుతూ ఎక్కడా నిలవకుండా. మోటార్లు లేచాయి, ఏ చెరువుదారి ఆ చెరువుదే. మనోజ్ చచ్చిన కీబోర్డు ముందు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు, ఇంక జారతారని.

జారలేదు. అవతల చెరువులు తలోదిక్కుకీ లాగుతున్నాయి. ఇవతల నలభై గొంతులు ఒక్క తీగ పట్టుకుని ఉన్నాయి. ఆ తీగ తన వేలి కింద ఉంది. రాజకుమారి తల ఎత్తి చూడలేదు, చూస్తే వేలు తప్పుతుందని భయం. గొంతు గుంట అదురుతోంది. పాస్టరు గారు ఎప్పుడు లేచి నిలబడ్డారో ఆమె చూడలేదు.

నాలుగో చరణం అయింది. ఇంకా రెండున్నాయి. ఆమె తరువాతి మెట్టు మీదికి వేలు జరిపింది.