ఆయన నిలబడి ఉండగా

ఐసు ఫ్యాక్టరీ గుమ్మం పక్కన ఒక బల్ల ఉండేది. తాటి దుంగను చీల్చి కాళ్ళు కొట్టిన బల్ల. ఐసు దిమ్మలు బండికెక్కేదాకా మేం డ్రైవర్లం దాని మీద కూర్చునేవాళ్ళం. ఫ్యాక్టరీకి పట్టిన శని ఆ బల్లేనని ఉమామహేశ్వరం గారు వచ్చేదాకా మాకెవరికీ తెలియదు.

ఎనభై నాలుగో, ఎనభై అయిదో. యానాం చుట్టుపక్కల రొయ్యల వ్యాపారం పెరుగుతున్న రోజులు. గిరాకీ పెరిగింది కాబట్టి ఇంకో బండి కొంటారనుకున్నాం. యజమాని వెంకటరాజు గారు విజయవాడ నుంచి సూపర్‌వైజరుని తెచ్చారు.

మొదటి రోజు ఆయన స్కూటరు దిగి గుమ్మంలోకి వస్తుంటే మేం బల్ల మీద ఉన్నాం. లేవలేదు. లేవాలని తెలియదు. వెంకటరాజు గారు వస్తే, "కూకోండ్రా, ఎండగా ఉంది" అని తనే లోపలికి పోయేవారు. పాతకాలం మనిషి. మర్యాద ఎలా పుచ్చుకోవాలో తెలియదు పాపం.

"ఎవరు మీరంతా?" అన్నారు ఉమామహేశ్వరం గారు.

"డ్రైవర్లమండి" అన్నాడు సూర్యనారాయణ. రెండో బండి అతనిది.

"నేను నిలబడి ఉంటే మీరు కూర్చుంటారా?"

సూర్యనారాయణ నోరు ఊరుకోదు. "తమరూ కూకోండి, జరుగుతాం" అంటూ నిజంగానే జరిగాడు.

మధ్యాహ్నానికి బల్ల స్టోరు గదిలోకి వెళ్ళిపోయింది. ఆర్డరు వచ్చింది: సూపర్‌వైజరు నిలబడి ఉండగా డ్రైవరు కూర్చోకూడదు. పిల్లల చేత ఎక్కం చెప్పించినట్టు మా అందరి చేతా ఒక్కొక్కసారి చెప్పించారు కూడా. ఆయన గదిలో కుర్చీ ఉంది, ఫ్యానూ ఉంది. అయినా మా కోసం రోజంతా గుమ్మంలో నిలబడే ఉండేవారు. ఎంత త్యాగం!

నా ఎడమ మోకాలికి అంత త్యాగబుద్ధి లేదు. ఎప్పుడో ఐసు దిమ్మ జారి పడ్డ మోకాలది. లోడింగయ్యేదాకా నిలబడితే బూరెలా ఉబ్బేది. క్లచ్చి తొక్కే కాలు అదే. అది ముడవకపోతే బండి లేదు, బండి లేకపోతే నాకు వేరే పని రాదు.

వెళ్ళి చెప్పాను. ఆయన నా మోకాలి వంక చూడలేదు.

"నిలబడలేనివాడు ఇంటికి పోవచ్చురా. కుంటుతూ బండెక్కావంటే తాళం ఇంకొకడికిస్తా. బయట బోలెడుమంది ఉన్నారు."

"ఆయ్" అన్నాను.

ఇంటి దగ్గర మా ఆవిడ తెరేసా జిల్లేడాకుకి ఆముదం రాసి, వెచ్చజేసి కట్టింది.

"దేవుడు నోరిచ్చింది అన్నం తినడానికేనేటి? అడగొచ్చుగా."

"అడిగాను."

"ఏవన్నాడు?"

"ఇంటికి పొమ్మన్నాడు."

"వచ్చారుగా మరి" అని కట్టు ఇంకాస్త బిగించింది.

అలా ఉండగా గోదావరి అవతల ఎదుర్లంక రొయ్యల షెడ్డు నుంచి కబురొచ్చింది, ఐసు సగం కరిగి చేరుతోందని. ఎవరి మోకాళ్ళు వాళ్ళు ఈడ్చుకుంటూ బండెక్కేసరికి ఐసు ఆగుతుందా? ఉమామహేశ్వరం గారికి మాత్రం, మేం దారిలో ఎక్కడో నిద్రపోతున్నామని తేలిపోయింది. "రేపు నేనే వస్తా. ఇన్నయ్య బండిలో" అన్నారు. ఇన్నయ్యంటే నేనే.

అప్పటికి గోదావరి మీద వంతెన లేదు. రెండు పడవల మీద పలకలు పరిచిన పంటు ఉండేది. దాని మీదే బండి దాటాలి. పంటుకి ఒక్కటే కట్టుబాటు. బండి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ డ్రైవరు తప్ప లోపల ఎవరూ ఉండకూడదు. అంతకు ముందొక జీపు మనుషులతో సహా నీళ్ళలోకి జారింది. అప్పటి నుంచీ పంటు నడిపే సరంగు పాపారావు కలెక్టరొచ్చినా దింపేస్తాడు.

యానాం రేవులో ఆయన కొట్టు దగ్గర కూర్చుని సోడా తాగుతుండగానే నేను బండి ఎక్కించేశాను. ఆయన తాపీగా నడిచి వచ్చారు. నది మధ్యలో గాలికి నిలబడ్డారు. నేనూ దిగి బండి పక్కన నిలబడ్డాను. ఆయన సంతోషించారు.

ఎదుర్లంక రేవొచ్చింది. పలక దించారు. అన్నిటికంటే ముందున్నది నా బండే. నా వెనక ఒక కారు, ఎడ్లబండి, సైకిళ్ళు.

"ఏరా, బండి తియ్యవేం?" అన్నారు ఆయన.

"ఆయ్."

"ఆయ్ ఏంటి? ఎక్కు!"

"తమరు నిలబడి ఉన్నారండి."

"అయితే?"

"తమరు నిలబడి ఉండగా డ్రైవరు కూర్చోకూడదండి."

వెనక కారు హారను కొట్టింది. పాపారావు పరుగెత్తుకొచ్చాడు. "ఏటయ్యా ఇన్నయ్యా, పాటుకి నీళ్ళు తీసేత్తన్నాయి! ఇంకాసేపుంటే పంటు బురదలో కూకుంటది!"

పంటు కూర్చోవచ్చు. దానికి ఆర్డరు లేదు.

"అది ఫ్యాక్టరీలోరా!" అన్నారు ఉమామహేశ్వరం గారు పళ్ళ బిగువున.

"బండి ఫ్యాక్టరీదేనండి."

"సరే, నేనూ ఎక్కి కూర్చుంటా" అని ఆయన తలుపు పట్టుకున్నారు.

పాపారావు అడ్డం నిలబడ్డాడు. "కుదరదండి. డ్రైవరొక్కడే."

'కూర్చో' అని ఒక్క మాట అంటే అయిపోయేది. అంత చిన్నమాట అంత పెద్దాయన నోట్లోంచి ఎలా వస్తుంది? ఇంతలో చేపలమ్మే సత్యవతమ్మ తన ఖాళీ గంప తెచ్చి బండి వెనకాల బోర్లించింది.

"రండి బాబూ. తవరు దీని మీద కూకోండి, ఆయన బండిలో కూకుంటాడు. ఎవరి మరేద ఆళ్ళకి దక్కుద్ది."

ఆయన చుట్టూ చూశారు. కారువాడు మళ్ళీ హారను కొట్టాడు. ఉమామహేశ్వరం గారు తెల్ల ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని, గంప మీద కూర్చున్నారు.

నేనూ వెంటనే ఎక్కి కూర్చున్నాను. బండి పలక దాటి గట్టు ఎక్కుతోంది. సగం ఎక్కిందో లేదో వెనక ఫెళ్ళుమని చప్పుడైంది. అద్దంలో చూశాను. గంప విరిగి, ఆయన లేచి నిలబడి ప్యాంటు దులుపుకుంటున్నారు.

ఆర్డరు ఆర్డరే. బండి ఆపి, తలుపు తీసి, ఒక కాలు బయట పెట్టాను.

బండికి హ్యాండు బ్రేకు ఉంది. ఈస్టరుకి మాత్రం గుడికొచ్చే మా తోడల్లుడి లాంటిది. ఉందంటే ఉంది. బండి మెల్లగా వెనక్కి జారింది, ఆయన వైపు.

"దిగకు!" అని కేక. "కూర్చో! ఒరేయ్, కూర్చో! కూర్చోవయ్యా! ఇన్నయ్య గారూ, కూర్చోండి!"

కూర్చున్నాను. అండీ, గారూ అనడం ఆయనకు వచ్చునని ఆ రోజే తెలిసింది.

"చూశారా, అడిగితే ఎంత బాగా చెప్పారో" అంది సత్యవతమ్మ. "నా గంపో మరి?"

షెడ్డులో ఐసు దించాక చూస్తే దిమ్మలు ఎప్పటికంటే బుల్లిగా ఉన్నాయి. షెడ్డాయన ఏదో అనబోయి, సూపర్‌వైజరు గారి ప్యాంటు వెనక భాగం చూసి ఊరుకున్నాడు.

తిరిగి రేవుకి వచ్చాం. పంటు సిద్ధంగా ఉంది. ఆయన దిగి గట్టున నిలబడ్డారు. నేనూ దిగి నిలబడ్డాను. పాపారావు తాడు పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పొద్దున్న పంటులో ఉన్నవాళ్ళే కొందరు మళ్ళీ ఎక్కారు. పనులన్నీ అంత తొందరగా ఎలా అయ్యాయో వాళ్ళకి!

"ఎక్కి కూర్చో" అన్నారాయన, ఎవరికీ వినపడకుండా.

"ఇప్పటికేనాండి?"

"ఎప్పటికైనా."

"ఫ్యాక్టరీలోనో అండి?"

ఆయన నది వంక చూశారు. ఎవరూ హారను కొట్టలేదు. కొట్టొద్దని పాపారావు చెయ్యెత్తాడు.

"బల్ల మీదండి" అన్నాను.

"సరే. బల్ల మీద."

"ఇనపళ్ళేదండీ!" అన్నాడు పంటు మీంచి ఎవడో.

"బల్ల మీద కూర్చోవచ్చు!" అని అరిచారు.

ఎక్కి కూర్చున్నాను. మోకాలు అప్పటికి కుండంత అయింది. అయినా క్లచ్చి తొక్కింది.

మర్నాడు పొద్దున్నకి బల్ల గుమ్మం పక్కన ఉంది. ఎవరో తుడిచి కూడా పెట్టారు. మోకాలి వాపు నెమ్మదిగా దిగింది. తాళం నా దగ్గరే ఉండిపోయింది.

ఉమామహేశ్వరం గారు మాత్రం ఆ రోజు నుంచి ముందు గుమ్మంలోంచి రావడం మానేశారు. వెనక, ఐసు నీళ్ళు కాలవ కట్టే సందు ఉంది. ప్యాంటు పైకి మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ బురదలోంచి వచ్చేవారు. ఎవరైనా కూర్చుని కనిపిస్తేగా ఆయన మర్యాద పోయేది!

సూర్యనారాయణ ఒకసారి కేకేశాడు. "ఆ బురదెందుకండీ, ఇటు రండి! లేచి నిలబడతాం!"

ఆయన రాలేదు. మేమూ లేవలేదు.